ఉగ్గుపాల సంస్కారము: అగస్టీను ‘ఒప్పుకోలు’

మొక్కై వంగనిది మానై వంగదను సామెతను మన జీవితచరిత్ర పరిశోధకులు సిద్ధాంతముగా స్వీకరించినట్లు కనబడును. కవినిగూర్చిన పరిశోధనగ్రంథమున తొలి ప్రకరణమును బాల్యమునకు కేటాయించుట పరిపాటి. తండ్రి భక్తి, తల్లి పాడిన పాటలు, గురువు శిక్షణ అందు వరుసగా వచ్చును. పిమ్మటి ప్రకరణములలో కవి విశ్వాసమును, శీలమును వర్ణించి, వానికి తొలి ప్రకరణమే కారణమని తేల్చుదురు. ముందున్నది కారణము, వెనుక వచ్చినది కార్యము అనుటకు నిదర్శనమేమి యను ప్రశ్న మాత్రము మిగిలిపోవును. క్రైస్తవ సాహిత్యమున మిక్కిలి ప్రసిద్ధమైన స్వీయచరిత్ర యొకటి యీ ప్రశ్నకెట్టి సమాధాన మిచ్చుచున్నదో పరిశీలించుట యీ వ్యాసోద్దేశము.

అగస్టీను క్రీ.శ. 354లో ఉత్తరాఫ్రికాలోని తగస్తె పట్టణమున జన్మించెను. 430లో హిప్పో నగరమున బిషప్పుగా నుండి మరణించెను. నలువది యేండ్లు దాటిన పిమ్మట, ఇంచుమించుగా 397-400 సంవత్సరముల నడుమ, ఆయన లాటిను భాషలో ‘ఒప్పుకోలు’ను రచించెను. 13 భాగముల యీ గ్రంథమున మొదటి 9 భాగములు జీవితకథ. దేవునితో సంభాషించుచున్నట్లు గ్రంథమంతయు సాగును. తల్లి మోనికా భక్తియే, ఆమె కన్నీరే కుమారుని విశ్వాసిగా చేసెనని సామాన్యముగా చెప్పుదురు. ఇది యసత్యము కాదు. కాని గ్రంథము చెప్పునది యింతకంటె జటిలమైనది.

ఆ యిల్లు ఏకముఖమైనది కాదు. శిశువునకు సిలువ గురుతు వేసి, ఉప్పు రుచి చూపి, సంఘమున ప్రవేశార్థిగా చేర్చిరి. ఇంటివారందరు విశ్వాసులే కాని తండ్రి పత్రీషియస్ అప్పటి కింకను క్రీస్తును నమ్మలేదు. ఒకప్పుడు జబ్బుచేసి ప్రాణాపాయ మేర్పడగా బాలుడు బాప్తిస్మమును కోరెను. తల్లి త్వరపడి యేర్పాటులు చేయుచుండగనే జబ్బు నయమయ్యెను. బాప్తిస్మము వాయిదా పడెను. బాప్తిస్మము తరువాత చేసిన పాపమునకు దోష మధికమను భయమే యిందులకు కారణము. ఇంకను బాప్తిస్మము కాలేదు గదా, వాని యిష్టమునకు వదలుడని లోకు లనుచుందురు. దేహమునకు గాయమైనవానినిగూర్చి యెవరైన నట్లందురా యని బిషప్పైన అగస్టీను ప్రశ్నించును. పదునారవ యేట తల్లి శీలమునుగూర్చి హెచ్చరించెను. కాని వివాహము చేసినచో చదువునకు, భావిజీవితమునకు అడ్డు వచ్చునని వెనుదీసెను. ఆమె భక్తిలో లోకాశ కొంత కలసియుండెనన్న మాటను కుమారుడు దాచలేదు.

బడి నేర్పినది మరియొకటి. ఆ బాలుడు చేసిన తొలి ప్రార్థన మోక్షము కొరకు గాదు. బడిలో దెబ్బలు తప్పించుమని. పెద్దలు, తుదకు తలిదండ్రులును, ఆ దెబ్బలను చూచి నవ్విరి. అదే బడిలో వర్జిల్ కావ్యమును చదివి, డిడో మరణమునకు బాలుడు కన్నీరు కార్చెను. తన ఆత్మ నశించుచుండగా దానికై యేడువక కల్పితనాయికకై యేడ్చితినని అగస్టీను తరువాత చింతించెను. కాబట్టి తొలి సంస్కారములలో భక్తి యెంతయో, భయమును కావ్యరుచియు నంతయే యున్నవి.

ఇక ప్రధానమైన ఘట్టము. పందొమ్మిదవ యేట కార్తేజి నగరమున సిసిరో రచించిన ‘హోర్టెన్సియస్’ అను గ్రంథమును చదివి అగస్టీను జ్ఞానతృష్ణతో దహించుకొనిపోయెను. అయినను ఒక వెలితి ఆయనను బాధించెను. ఆ గ్రంథమున క్రీస్తు నామము లేదు. ఆ నామమును తల్లి పాలతోనే త్రాగితిననియు, అది లేని గ్రంథ మెంత సుందరమైనను తన్ను పూర్తిగా లోగొనలేకపోయెననియు ఆయన వ్రాసెను. మన భాషలో చెప్పవలెనన్న, ఉగ్గుపాలతో అబ్బిన సంస్కారమిది. వెంటనే ఆయన బైబిలును తెరచెను. సిసిరో గాంభీర్యము ముందు దాని శైలి వెలవెలబోయినట్లు తోచగా మూసివేసెను. తల్లి యిచ్చిన నామము ఒక వంక లాగుచుండ, బడి యిచ్చిన రుచి మరియొక వంక త్రోసివేసెను.

ఆ నామమే తుదకు రక్షించెను గదా యని కొంద రనవచ్చును. గ్రంథక్రమము దీనిని సమర్థింపదు. బైబిలును మూసిన అగస్టీను మానీ మతస్థులను చేరెను. క్రీస్తు నామము వారి పెదవులపై నిరంతరము నాడుచుండెనని ఆయనయే చెప్పినాడు. తొమ్మిదేండ్లు వారితో గడచెను. అనగా తల్లి యిచ్చిన నామమే ఆమె త్రోవనుండి ఆయనను దూరము చేయుటకును తోడ్పడెను. తరువాత మిలాను నగరమున తత్త్వవేత్తల బోధలలో ఆ నామము లేదని, తన ఆత్మను వారికి అప్పగింపక తలిదండ్రులు మెచ్చిన సంఘమున ప్రవేశార్థిగానే నిలిచెను. ఒకే సంస్కారము ఒకసారి దారి తప్పించెను, మరియొకసారి నిలిపెను. ఇట్టిదానిని కారణమనుట చెల్లదు. అది తృప్తిపడని ఆకలి. ఏది చాలదో చెప్పును గాని, ఏది కావలయునో చెప్పదు.

బడి యిచ్చిన రుచియు నిట్లే వర్తించెను. మిలాను బిషప్పు ఆంబ్రోసు ప్రసంగములను అగస్టీను విన్నది వాగ్ధోరణికై. అర్థ మప్రయత్నముగా లోనికి జొచ్చెను. బైబిలునుండి త్రోసివేసిన రుచియే ఆయనను బైబిలు వ్యాఖ్యాత ముందు కూర్చుండబెట్టెను.

386లో తోటలో జరిగిన పరివర్తన ఘట్టమున ఒక చిన్న మాట కలదు. పొరుగింటినుండి, పుస్తకము తీసి చదువుమని మరల మరల పలుకుచున్న పసివాని గొంతు వినబడెను. పిల్లల యాటలలో ఇట్టి పాట యేదైన కలదా యని అగస్టీను జ్ఞాపకమును వెదకెను. ఎన్నడును విన్నట్లు తోచలేదు. నిర్ణాయక క్షణమున ఆయన తన బాల్యమును వెదకగా అది యేమియు నీయలేదు. మరుసటి సంవత్సరము, 387లో, ఆయన బాప్తిస్మము పొందెను.

తల్లి శీలమును చెప్పునపుడును ఆయన యీ వివేకమునే చూపెను. మోనికాను బాల్యమున ఒక వృద్ధదాసి కఠినముగా పెంచెను. భోజనవేళ తప్ప నీరైనను త్రాగనీయలేదు. అయినను పీపానుండి ద్రాక్షారసము తెచ్చునపుడు కొంచెము కొంచెముగా త్రాగు అలవాటు ఆ బాలిక కబ్బెను. దానిని మాన్పినది శిక్షణ గాదు. జగడములో మరియొక దాసి త్రాగుబోతని తిట్టిన తిట్టు. ఆ దాసి గాయపరుపదలచెనే గాని బాగుచేయదలచలేదు.

ఇది పరిణతవయస్కుడైన బిషప్పు ఏర్చి కూర్చిన బాల్యమే గదా యను ఆక్షేపము సమంజసమే. కాని ఆ ఆక్షేపమే యీ వాదమునకు బలము నిచ్చును. తల్లి పెంపకమే సర్వకారణమని కథను సులభముగా నల్లుకొను వీలు ఆయనకుండెను. ఆయన యట్లు చేయలేదు. తల్లి మరణమునకు కొంతసేపు ఏడ్చినందులకు తన్ను చూచి నవ్వవలదని పాఠకుని వేడుకొనెను. బడిదెబ్బలకు పెద్దలు నవ్విన నవ్వును తొలి భాగమున వ్రాసిన చేయియే యిదియు వ్రాసినది. ఆ బాలుడు ఆ బిషప్పులో నున్నాడు. కాని బిషప్పు ఆ బాలుడు మాత్రమే కాడు.

కందుకూరి వీరేశలింగము ‘స్వీయచరిత్రము’నో, జాషువ ‘నా కథ’నో పరిశోధించు విద్యార్థి యిందుండి గ్రహింపదగినది యొకటి కలదు. బాల్యము కవికి ఏమి యిచ్చినదను ప్రశ్నతో ఆగరాదు. అది యిచ్చినదానిలో ఏది యాతనిని తృప్తిపడనీయలేదు, ఆ వెలితి యాతని నెచ్చటికి కొనిపోయినది అని విచారింపవలెను. తొలి ప్రకరణమునకు తరువాతి ప్రకరణములతో నిజమైన సంబంధ మచ్చట లభించును.