మెహ్రాబాద్ కౌంటర్‌లో ఎవరూ అడగని ప్రశ్నలు

విమానాశ్రయంలో ప్రయాణికుణ్ణి ఆపి చూసే చోట్లు వరసగా ఉంటాయి. టికెట్ చూసి సామాను తూచే చెకిన్ కౌంటర్, పాస్‌పోర్టు మీద ముద్ర వేసే ఇమ్మిగ్రేషన్ కౌంటర్, ఒళ్లు తడిమి సంచులు వెతికే భద్రతా తనిఖీ. పేర్లు వేరైనా అన్నిచోట్లా పరీక్ష ఒక్కటే. కాగితంలో ఉన్న మనిషి, ఎదురుగా నిలబడ్డ మనిషి, ఆ మనిషి చెప్పే కథ: ఈ మూడూ ఒకదానికొకటి సరిపోతున్నాయా? ఒక్కో ప్రయాణికుడికి అధికారి ఇవ్వగలిగేది నిమిషమో, రెండు నిమిషాలో. అంత తక్కువ సమయంలో అన్నీ చదవడం ఎవరి తరమూ కాదు. అందుకే అధికారి కన్ను ఎక్కడ అతుకు కనిపిస్తుందా అని చూస్తుంది.

1980 జనవరి 28, సోమవారం తెల్లవారుజామున ఇరాన్ రాజధాని టెహరాన్‌లో, మెహ్రాబాద్ విమానాశ్రయంలో, ఎనిమిది మంది ఈ చోట్లన్నీ దాటి స్విస్‌ఎయిర్ విమానం ఎక్కారు. సినిమా లొకేషన్లు చూడ్డానికి వచ్చిన బృందం అన్నది వాళ్లు చెప్పుకున్న మాట. నిజానికి వాళ్లలో ఆరుగురు అమెరికా దౌత్య కార్యాలయ ఉద్యోగులు. మిగతా ఇద్దరూ సీఐఏ అధికారులు. ఆ ఇద్దరిలో పెద్ద టోనీ మెండెజ్. ఈ బుకాయింపును మొదటి పోగు నుంచి చివరి ముడి దాకా అల్లింది ఆయనే. దాన్ని మళ్లీ పోగు పోగుగా విప్పి చూస్తే, ధైర్యం కన్నా ముందు కనిపించేది పనితనం.

నేపథ్యం క్లుప్తంగా చెప్పుకుందాం. 1979 నవంబరు 4న టెహరాన్‌లోని అమెరికా దౌత్య కార్యాలయాన్ని విప్లవవాద విద్యార్థులు ఆక్రమించారు. లోపల చిక్కినవాళ్లలో 52 మంది 444 రోజులు బందీలుగా ఉన్నారు. ప్రాంగణంలోనే విడిగా ఉన్న కాన్సులేట్ భవనం నుంచి కొందరు, పక్క చోటు నుంచి ఒకరు బయటపడ్డారు. చివరకు ఆరుగురు కెనడా రాయబారి కెన్ టేలర్, ఆయన సహోద్యోగి జాన్ షియర్‌డౌన్ ఇళ్లలో తలదాచుకున్నారు. వారాలు గడిచేకొద్దీ గుట్టు బయటపడే ప్రమాదం పెరిగింది. వాళ్లను ఎలాగైనా దేశం దాటించాలి.

అడవి దారినో, సరిహద్దు కొండల మీదుగానో కాకుండా, అందరూ చూస్తుండగా విమానాశ్రయం గుండా తీసుకెళ్లాలన్నది మెండెజ్ నిర్ణయం. అప్పుడు తేలాల్సిన మొదటి ప్రశ్న: ఆరుగురు విదేశీయులు, అదీ విప్లవం నడుస్తున్న చలికాలంలో, టెహరాన్‌కు ఎందుకు వచ్చినట్టు? మారువేషాల వృత్తిలో మామూలు సూత్రం ఏమిటంటే, చెప్పే కథ చప్పగా ఉండాలి, విన్నవాడు వెంటనే మరిచిపోవాలి. ఉపాధ్యాయులని చెబుదామంటే విదేశీ బడులు అప్పటికే మూతపడ్డాయి. పంటలు చూడ్డానికి వచ్చిన పోషకాహార నిపుణులంటే, నేల మీద మంచు ఉంది. చప్పటి కథలన్నిటికీ ఎక్కడో ఒకచోట చిల్లు పడుతోంది. అందుకని మెండెజ్ సూత్రాన్నే తిరగేశాడు. రాజకీయాలు పట్టకుండా, ఎంత గొడవల మధ్యకైనా లొకేషన్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఎవరంటే, సినిమావాళ్లు! ఇంత విచిత్రమైన కథను ఏ గూఢచారీ కావాలని ఎంచుకోడని చూసేవాడు తనంతట తానే అనుకుంటాడు. అధికారి మనసులో సినిమావాళ్ల మీద ముందే ఉన్న ఊహే ఈ కథకు సగం బలం.

మిగతా సగం బలం హాలీవుడ్‌లో తయారైంది. మెండెజ్‌కు అక్కడ పాత స్నేహితుడు జాన్ ఛాంబర్స్. 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' చిత్రంలో మనుషుల్ని కోతులుగా మార్చి గౌరవ ఆస్కార్ అందుకున్న మేకప్ నిపుణుడు. ఛాంబర్స్, ఆయన తోటి మేకప్ కళాకారుడు రాబర్ట్ సైడెల్ సాయంతో నాలుగు రోజుల్లో ఒక నిర్మాణ సంస్థ పుట్టింది. పేరు స్టూడియో సిక్స్ ప్రొడక్షన్స్. ఆ 'ఆరు' ఎవరో తయారుచేసినవాళ్లకే తెలుసు. అద్దెకు తీసుకున్న గది నిజమైన స్టూడియో ఆవరణలోది. ఫోన్లు నిజమైనవి. మోగితే ఎత్తి, సంస్థ పేరు చెప్పి పలకడానికి సైడెల్ భార్య కూర్చుంది. 'వెరైటీ', 'హాలీవుడ్ రిపోర్టర్' పత్రికల్లో ప్రకటనలూ వచ్చాయి.

ఇక స్క్రిప్టు. రోజర్ జెలజ్నీ 1967లో రాసిన 'లార్డ్ ఆఫ్ లైట్' అనే సైన్స్ ఫిక్షన్ నవలను సినిమాగా తీయాలని అప్పటికి కొంతకాలంగా ఒక ప్రయత్నం నడిచి ఆగిపోయింది. కామిక్స్ దిగ్గజం జాక్ కిర్బీ దానికి సెట్ల బొమ్మలు కూడా గీసి ఉన్నాడు. ఆ నవలలో పాత్రలు తమను బ్రహ్మ, యముడు, అగ్ని అని పిలుచుకుంటాయి. మన పురాణాల నుంచి ఎత్తుకున్న ఆ కల్పనా లోకానికి గోపురాలు, బజార్లు, ఎడారులు కావాలి. టెహరాన్‌లో పేరుమోసిన పాత బజారు ఉండనే ఉంది. ఆగిపోయిన ఆ సినిమా స్క్రిప్టునే తీసుకుని 'ఆర్గో' అని కొత్త పేరు పెట్టారు. ఎవరైనా పేజీలు తిప్పినా, ఈ కథకు ఈ ఊరే ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఆ పేజీల్లోనే దొరుకుతుంది. ఇందులో మెండెజ్ లెక్క స్పష్టంగా కనబడుతుంది. అధికారి మొదటి ప్రశ్న అడిగితే విజిటింగ్ కార్డు. కార్డును అనుమానిస్తే ఫోను. ఫోనునూ నమ్మకపోతే పత్రికా ప్రకటన. ప్రతి జవాబు వెనకా మరో జవాబు కాచుకుని ఉంది.

ఇప్పుడు కాగితాల సంగతి. కెనడా ప్రభుత్వం గుట్టుగా అనుమతించి అసలు సిసలు కెనడా పాస్‌పోర్టులే ఇచ్చింది. మారు పేర్లతో జారీ అయినా, పుస్తకం మాత్రం అసలుదే కాబట్టి కాగితం, కుట్టు, ముద్రణ మీద దిగులు లేదు. కానీ లోపల ఇరాన్ వీసా ముద్రలు ఉండాలి, దేశంలోకి వచ్చినట్టు గుర్తులు ఉండాలి. అవి చేతిపని. మెండెజ్ 1965లో సీఐఏలో చేరింది చిత్రకారుడిగానే. సిరా చిక్కదనం, ముద్ర ఒరిగే తీరు, రాతలోని వేగం ఆయనకు కొట్టిన పిండి.

అంత జాగ్రత్తలోనూ ఒక తప్పు దొర్లింది. వీసా మీద తేదీ ఇరాన్ లెక్కకు కుదరలేదు. అక్కడి సంవత్సరం మార్చి 21 ప్రాంతంలో, వసంత విషువత్తుతో మొదలవుతుంది. లోకమంతా 1980 జనవరి 28 అనుకునే రోజు ఇరాన్ క్యాలెండర్‌లో 1358 బహ్మన్ 8. కెనడా కార్యాలయ ఉద్యోగి ఒకరు కాగితాలు సరిచూస్తుండగా ఈ తేడాను పట్టుకున్నారు. అదే తప్పు కౌంటర్లో ఇరాన్ అధికారి కంట పడి ఉంటే, స్టూడియో, స్క్రిప్టు, ప్రకటనలు ఏవీ అక్కరకు వచ్చేవి కావు. సంచిలో అదనంగా మరిన్ని పాస్‌పోర్టులు ఉండటంతో మెండెజ్ వాటిలో సరైన తేదీలతో కొత్తగా వీసాలు దిద్దాడు. ఇక్కడ మెచ్చుకోవలసినవి రెండు: తప్పు దొర్లవచ్చని ముందే ఊహించి అదనపు పాస్‌పోర్టులు పంపడం, పూర్తయిందనుకున్న పనిని ఇంకొకరి కళ్లతో మళ్లీ చూపించడం.

ఇంకో కాగితం ఇంతకన్నా చిక్కుది. అప్పట్లో ఇరాన్‌లో దిగిన ప్రతి విదేశీయుడూ రెండు పొరల ఫారం నింపాల్సి ఉండేది. కార్బన్ పేపరు లేకుండానే పై రాత కింది కాగితం మీద పడేది. తెల్లది అధికారులు ఉంచుకునేవారు, పసుపుది ప్రయాణికుడి చేతికిచ్చేవారు. తిరిగి వెళ్లేటప్పుడు రెండింటినీ జతచేసి చూడాలన్నది నియమం. ఎంత తేలికైన, ఎంత గట్టి ఏర్పాటో చూడండి. పసుపు కాగితాన్ని నకలు చేయొచ్చు. కానీ దాని తెల్ల జోడీని విమానాశ్రయం లోపలి దొంతరలో పెట్టడం ఎవరి వల్లా కాదు. ఈ ఆరుగురూ కెనడావాళ్లుగా ఎన్నడూ దిగలేదు కాబట్టి వాళ్ల తెల్ల కాగితాలు ఆ దొంతరలో లేవు. తాళం పగలని చోట దాన్ని వేసే చేతి అలవాటును గమనించాలి. తరచూ రాకపోకలు చేసేవాళ్ల నుంచి సీఐఏ తెలుసుకున్నదేమిటంటే, అక్కడి ఉద్యోగులు రెండు కాగితాలనూ జతచేసి చూసే శ్రమ చాలావరకు పడటం లేదని. రాయబారి టేలర్ కూడా తన సిబ్బందిని ఏదో ఒక పని మీద విమానంలో పంపి రప్పిస్తూ, కౌంటర్ల దగ్గర ఏం అడుగుతారో, ఏం వదిలేస్తారో తెలుసుకున్నాడు. పథకంలో అన్నిటికన్నా పలుచని చోటు ఇదే. అక్కడ మెండెజ్ గుడ్డిగా దూకలేదు. ఎంత పలుచనో కొలిచి మరీ అడుగు వేశాడు.

మిగిలింది మనుషులు. ఆరుగురికీ నటన కొత్త. అందుకే వేషం బరువు పెట్టలేదు. ముఖానికి తొడుగులు లేవు, పెట్టుడు ముక్కులు లేవు. చిన్న చిన్న మార్పులే. కోరా లైజెక్‌కు స్క్రిప్టు రచయిత్రి పాత్ర. లీ షాట్జ్‌కు కెమెరామన్ పాత్ర. కాథీ స్టాఫర్డ్ చేతికి బొమ్మల పుస్తకం, కళ్లకు మందపాటి ఫ్రేము అద్దాలు వచ్చాయి. మార్క్ లైజెక్ లేత రంగు గడ్డం ముదురు రంగు పూతతో నల్లబడింది. అందరిలో పెద్దవాడూ, పెద్దమనిషి తరహా వాడూ అయిన బాబ్ ఆండర్స్ గుండీలు విప్పిన చొక్కాతో, మెడలో గొలుసుతో, దువ్వి పొంగించిన తెల్లజుట్టుతో హాలీవుడ్ షోకిల్లాగా మారిపోయాడు. జేబుల్లోనూ పాత్రకు తగ్గ సరుకే: విజిటింగ్ కార్డులు, హోటల్ బిల్లులు, కెనడా మేపుల్ ఆకు బ్యాడ్జీలు. జేబులోంచి రుమాలు తీస్తూ పొరపాటున ఏదైనా కింద పడినా, ఆ పడినదీ కథనే బలపరచాలి.

తర్వాత తర్ఫీదు. ఎవరి వివరాలు వాళ్లు వల్లెవేశారు. కెనడా కార్యాలయ అధికారి రోజర్ లూసీ సైనిక దుస్తులు, బూట్లు వేసుకుని, చేతిలో కర్రతో వచ్చి ఒక్కొక్కరినీ నిలదీశాడు. మీ నాన్న పుట్టిందెక్కడ? వీసా ఎక్కడ తీసుకున్నావు? నువ్వు తీయబోయే సినిమా కథేమిటి? గొంతు వణకాల్సిందేదో ఆ గదిలోనే వణికిపోవాలి, కౌంటర్ ముందు వణక్కూడదు. పాత్ర ఇవ్వడంలోని ఇంకో మేలు ఇక్కడే తెలుస్తుంది. భయపడుతున్న మనిషికి 'భయపడకు' అని చెబితే సాయం కాదు. చేయడానికి ఒక పని, నిలబడటానికి ఒక తీరు ఇస్తే, మనసు వాటి వెంట పోతుంది.

ప్రయాణానికి ఎంచుకున్న వేళ కూడా పనిముట్టే. తెల్లవారుజామున అయిదున్నర ప్రాంతంలో విమానాశ్రయంలో రద్దీ తక్కువ, ఉద్యోగులు నిద్రమత్తులో ఉంటారు, విప్లవ రక్షకుల్లో చాలామంది ఇంకా పక్కల మీదే ఉంటారు. మెండెజ్ అందరికన్నా ముందు చేరాడు. విమానం వస్తున్నట్టు రూఢి చేసుకుని, తాను చెకిన్ చేసుకుని, బయటి నుంచి కనిపించేలా అద్దాల దగ్గర నిలబడ్డాడు. అంతా సవ్యంగా ఉందనడానికి అదే సంకేతం. ఆరుగురూ లోపలికి వచ్చారు. కౌంటర్లో టికెట్లు, సామాను. ఇమ్మిగ్రేషన్ దగ్గర పాస్‌పోర్టులు, పసుపు కాగితాలు. తెల్ల జోడీ కోసం ఎవరూ వెతకలేదు. ముద్రలు పడ్డాయి. యంత్రంలో ఏదో లోపమని విమానం కొంత ఆలస్యమైంది. అప్పుడు కూడా వాళ్లు లేచి హడావిడి పడలేదు, సినిమావాళ్లు కూర్చున్నట్టే కూర్చున్నారు. చివరకు మెట్లెక్కుతుంటే విమానం ముక్కు మీద దాని పేరు కనిపించింది: ఆర్గావ్. స్విట్జర్లాండ్‌లోని ఒక ప్రాంతం పేరు అది. ఇన్ని ఏర్పాట్ల మధ్య ఎవరూ ఏర్పాటు చేయనిది అదొక్కటే!

2012లో బెన్ అఫ్లెక్ తీసిన 'ఆర్గో' సినిమాలో విమానం వెంట రన్‌వే మీద జీపులు తరుముకొస్తాయి. ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకున్న ఆ సినిమాకు ఉత్కంఠ కావాలి. అసలు కథలో తరమడమే లేదు. స్క్రిప్టు చూపించమని కౌంటర్లో ఎవరూ అడగలేదు, హాలీవుడ్‌కు ఫోను చేయలేదు. అయితే అదంతా దండగ శ్రమేనా? పోచంపల్లి ఇక్కత్ నేతలో రంగులు బట్టకు అద్దరు, నేతకు ముందే నూలుకు అద్దుతారు. లెక్కగా రంగేసిన పోగులు మగ్గం మీద కలిసినప్పుడే బొమ్మ తేలుతుంది. ఒక్క పోగు జరిగినా అంచు చెదురుతుంది. మెండెజ్ అల్లికా అలాంటిదే. స్టూడియో, కార్డు, తేదీ, గడ్డం రంగు వేరువేరు చోట్ల, వేరువేరు చేతుల్లో తయారై, కౌంటర్ ముందు ఆ రెండు నిమిషాల్లో ఒక్క బొమ్మగా కలిశాయి. అధికారి గుచ్చి గుచ్చి అడగలేదంటే, అడగడానికి అతుకు కనబడలేదనే అర్థం. వెనక ఫోను ఎత్తే మనిషి ఉందన్న సంగతి ఆ ఆరుగురికీ తెలుసు. ఆ భరోసా వాళ్ల నిలబడే తీరులోకి దిగింది. అవసరపడని ఏర్పాటు కూడా అలా తన పని తాను చేసింది.

అదే రోజు కెనడా తన కార్యాలయం మూసేసి, టేలర్‌తో సహా మిగిలిన సిబ్బందిని వెనక్కి రప్పించుకుంది. మరునాడు మాంట్రియల్ పత్రిక 'లా ప్రెస్'లో జాన్ పెల్తియే రాసిన వార్తతో లోకానికి సంగతి తెలిసింది. మెచ్చుకోళ్లన్నీ కెనడాకు వెళ్లాయి, అందులో అన్యాయం లేదు. ప్రాణాలకు తెగించి ఆశ్రయమిచ్చింది వాళ్లే. సీఐఏ తన పాత్రను అధికారికంగా ఒప్పుకున్నది 1997లో. మెండెజ్ 2019 జనవరిలో కన్నుమూశాడు. 1997 దాకా పదిహేడేళ్లు తన పని గురించి నోరు విప్పకుండా ఉండటం కూడా ఆ వృత్తి నియమంలో భాగమే. ఏ విద్యలోనైనా గొప్ప పనివాడు తన కష్టాన్ని పనిలోనే దాచేస్తాడు. ఈ పనిలో ఆ దాచడం పూర్తిగా నెగ్గింది కాబట్టే ఆరుగురు మనుషులు క్షేమంగా తమ ఇళ్లకు చేరారు.