ముక్కుకు రెండు దారులు

వాసన పోయిందని మా పిడుగురాళ్లలో డాక్టరు దగ్గరకు వచ్చేవాళ్లు అరుదు. తలనొప్పనో, చూపు మసకేసిందనో వస్తారు. వాసన తెలుస్తోందా అని అడిగితే, "తెలవకేం సార్, మిరప కల్లంలోకి పోతే దగ్గు ఆగట్లేదుగా!" అంటారు.

చిక్కంతా ఆ దగ్గులోనే ఉంది. మిరప ఘాటు, సున్నపు బట్టీ పొగ పెట్టే మంట వాసన నరానికి సంబంధించినవి కావు. ముఖంలో నొప్పినీ స్పర్శనూ తెలిపే అయిదో నరం వాటిని మెదడుకు చేరవేస్తుంది. మల్లెపూలు, కాగిన నెయ్యి, కాఫీ మొదటిదైన వాసన నరం వంతు. అది పూర్తిగా దెబ్బతిన్నా మంట, దగ్గు వస్తూనే ఉంటాయి. అందుకే వాసన పరీక్షకు కారం, అమోనియా పనికిరావు.

నేను రోగిని కళ్లు మూసుకోమని, ఒక ముక్కు రంధ్రం వేలితో నొక్కి పట్టమంటాను. రెండోదాని కింద కాఫీ పొడి సీసా ఉంచుతాను. తర్వాత రెండోవైపు లవంగం. ఒకవైపు సరిగా ఉంటే రెండోవైపు లోపం మనిషికి తెలియదు కాబట్టి విడివిడిగా చూడాల్సిందే. రద్దీ రోజున డాక్టర్లు ముందుగా వదిలేసే పరీక్ష కూడా ఇదే.

వాసన నరాలు ముక్కుకు పైన, మెదడు ముందుభాగం కింద ఉంటాయి. అక్కడి పొరలో మెనింజియోమా అనే గడ్డ పుడితే ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతూ వాటిని నొక్కేస్తుంది. చాలావరకు అది క్యాన్సర్ కాదు. కానీ పెద్దదైతే చూపు తగ్గుతుంది, మనిషి తీరే మారిపోవచ్చు.

గడ్డ కణత వైపు ఉంటే కథ వేరు. లేని వాసన, ఎక్కువగా ఏదో కాలుతున్న కంపు, ఉన్నట్టుండి వచ్చి కాసేపట్లో పోతుంది. అది ఒకరకం మూర్ఛ. అమెరికన్ సంగీతకర్త జార్జ్ గెర్ష్విన్‌కు 1937లో రబ్బరు కాలిన కంపు వచ్చేది. మానసికమనుకున్నారు. మెదడులో గడ్డకు ఆపరేషన్ చేసిన రోజే, జులై 11న, 38 ఏళ్లకు చనిపోయాడు.

వాసన తగ్గిన ప్రతివాళ్లూ హడలిపోనక్కర్లేదు. జలుబు, సైనస్, కోవిడ్, వయసు - ఎక్కువమందిలో కారణం వీటిలోనే దొరుకుతుంది. జలుబు లేకుండా ఒక్కవైపే వాసన పోయినా, తలనొప్పి, చూపు మసక తోడైనా, లేని కంపు పదేపదే వస్తున్నా న్యూరాలజిస్టుకు చూపించుకోండి. ఆయన అడగకపోయినా వాసన సంగతి మీరే చెప్పండి. కారానికి దగ్గొస్తోంది కదా అని మాత్రం ఊరుకోకండి.