అన్నా అని పిలవొద్దన్న ఊరు

మా పెద్దమ్మవాళ్లది చర్ల. భద్రాచలంలో బస్సు మారి, దుమ్ముగూడెం మీదుగా వెళ్లాలి. ఊరికి ఒకవైపు గోదావరి, మరోవైపు అడవి. అడవి దాటితే ఇప్పుడు ఛత్తీస్‌గఢ్ అంటున్న ప్రాంతం. 1990లలో వేసవి సెలవులకు అక్కడికి వెళ్లడమంటే మాకు పండగే. పెద్దనాన్న కిరాణా కొట్లో అడగకుండానే దొరికే బెల్లం ముక్కలు, తాలిపేరు ప్రాజెక్టు దగ్గర షికార్లు, రాత్రయితే వాకిట్లో వరసగా మంచాలు.

అలా వెళ్లిన ఓ సాయంత్రం పెద్దమ్మ కొడుకు సైకిలు మీద మలుపు తిరిగి వస్తుంటే, అరుగు మీంచి నేను "అన్నొచ్చాడోయ్! అన్నా!" అని గట్టిగా కేక పెట్టాను. అంతే. పెద్దమ్మ శనగపిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చి నా నోరు మూసేసింది. "వీధిలో అట్లా అరవమాకే తల్లీ. పేరు పెట్టి పిలువు" అంది.

నాకంటే ఆరేళ్లు పెద్దవాణ్ణి పేరు పెట్టి పిలిస్తే మా ఊళ్లో వీపు పగిలేది. ఇక్కడ పిలవకపోతే పగిలేట్టుంది! ఆ రాత్రి మంచాల మీద అక్కయ్య నా చెవిలో గుసగుసగా చెప్పింది, ఆ ఊళ్లో ‘అన్నలు’ అంటే ఎవరో. అడవిలోంచి వచ్చేవాళ్లు అన్నలట. వాళ్ల కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు ఆ మాట వినబడకూడదట. మూతికి అంటిన శనగపిండి తుడుచుకున్నానుగానీ, ఆ చెయ్యి మాత్రం ఇప్పటికీ నా నోటి మీదే ఉన్నట్టుంటుంది.

చిత్రమేమంటే, అప్పటికి పదేళ్లుగా పట్నాల్లో అదే మాటని మైకుల్లో అరుస్తున్నారు. 1982లో ఎన్.టి.రామారావుగారు పార్టీ పెట్టి, చైతన్యరథమెక్కి ఊరూరా తిరిగినప్పటినుంచీ రాష్ట్రానికంతటికీ ఆయన ‘అన్నగారు’. మనమంతా ‘ఆడపడుచులం’. ఇంట్లో ఆడపడుచంటే సారె పెట్టించుకునే హక్కున్న మనిషి, వదినగారి గుండెల్లో కాస్త దడ కూడా. సభల్లో ఆ మాట వింటే నాకు నవ్వొచ్చేది. అయితే ఆ ఆడపడుచుకి నిజంగానే ఒక సారె ముట్టింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమంగా వాటా ఇస్తూ 1986లో చట్టం వచ్చింది. అందుకని రాజకీయాలవాళ్లు ముట్టుకున్న మాటలన్నీ మైలపడతాయని నేననను. కొన్ని మాటలకు బరువు పెరుగుతుంది. నా పేచీ బరువుతో కాదు, ఆ బరువు ఎవరి నెత్తిన పడుతుందన్నదానితో. పట్నంలో ‘అన్న’ అన్నవాడికి పార్టీ టిక్కెట్టు దొరకొచ్చు. చర్లలో అంటే పోలీసు స్టేషనుకు పిలుపు రావొచ్చు.

చర్ల పరిసరాల్లో ఇలాంటి మాటలు ఇంకా చాలా ఉన్నాయి. ముంపు సంగతే చూడండి. గోదావరి ఒడ్డువాళ్లకి అది ఏటా వచ్చిపోయే చుట్టం. 1986లో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3. వచ్చింది, తీసింది, ఇల్లు కడుక్కున్నారు. పోలవరం పుణ్యమా అని ‘ముంపు మండలాలు’ అనే కొత్త జాతి పుట్టింది. 2014లో ఏడు మండలాల ఊళ్లు ఆ పేరుతోనే ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. నీళ్లింకా రాని ఊరుకి మునిగిన పేరు! చర్ల తెలంగాణలోనే ఉండిపోయిందిగానీ, పెద్దమ్మకి మాత్రం అర్థంకాలేదు. "రాని ముంపుకి పేరెట్లా పెడతారే? పుట్టని పిల్లకి బారసాలా?" అని అడిగింది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది అడవికి అవతలివైపునుంచి వచ్చిన మాట, సల్వా జుడుం. 2005 వేసవిలో మావోయిస్టులకు వ్యతిరేకంగా అక్కడ మొదలైన ఉద్యమానికి ఆ పేరు పెట్టారు. ప్రభుత్వంవారూ, పత్రికలవారూ దాన్ని ‘శాంతి ఉద్యమం’ అని అనువదించారు. గోండి తెలిసినవాళ్లు చెప్పే అర్థం వేరు. ‘సల్వా’ అంటే శుద్ధి చేయడం. ‘జుడుం’ అంటే నలుగురూ కలిసి చేసే వేట. మొత్తం కలిపితే శుద్ధి వేట. నేను కాస్తో కూస్తో అనువాదాలు చేసినదాన్ని. ఒక మాట సరిగ్గా కుదరక ఇంకో మాట వేసుకోవడం నాకూ తెలుసు. కానీ వేట అన్న మాటని తీసేసి శాంతిని కూర్చోబెట్టడం అనువాదకుడి ఇబ్బంది కాదు. ఇళ్లు తగలబడినవాళ్లని చేర్చిన చోట్లని ‘సహాయ శిబిరాలు’ అన్నారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు, ఆదివాసీ కుర్రాళ్ల చేతికి తుపాకులిచ్చి ఈ పోరాటానికి వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది.

ఆ ఆరేళ్లలో ఎంతోమంది అడవిదారిన ఇటు దాటి వచ్చారు. వాళ్లకి ఇక్కడి కాగితాల్లో పడ్డ పేరు ‘వలస ఆదివాసీలు’. పేపర్లలో ‘గొత్తికోయలు’. మిరప తోటల్లో కాయలు ఏరడానికి వచ్చి, కూలి డబ్బులు కొంగున కట్టుకుని వెళ్లిపోవడాన్ని మనం వలస అంటాం. కాలిన ఇంటినుంచి పసిపిల్లని చంకనేసుకుని పరుగెత్తి వచ్చినదాన్నీ ఆ మాటతోనే పిలిస్తే, ఆమె ఏదో సీజనుకి వచ్చిందన్నట్టు లేదూ? పైగా అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నవాళ్లకే హక్కులు ఇస్తుంది. జుడుం మొదలైంది అదే ఏడు జూన్‌లో. అంటే తేదీ దాటి ప్రాణభయంతో వచ్చి, ఇక్కడ నాలుగు గింజలు చల్లుకున్న మనిషికి ఇంకో పేరు సిద్ధంగా ఉంది, ఆక్రమణదారు. ఒకే ఆడమనిషి, ఒకే చంకలో పిల్ల, రెండు పేర్లు. రెంటిలోనూ ఆమె ఎందుకు వచ్చిందో లేదు.

ఇక ఎన్‌కౌంటర్. ఇంగ్లీషులో దాని అర్థం ఎదురుపడటం. ఎదురుపడాలంటే ఇద్దరుండాలి కదా! మన తెలుగులో మాత్రం అది ఒకరు ఇంకొకరికి చేసే పని అయి కూర్చుంది. "ఫలానావాణ్ణి ఎన్‌కౌంటర్ చేశారు" అంటాం. వ్యాకరణం అబద్ధం చెప్పదు చూడండి. ప్రకటనలో ‘ఎదురుకాల్పులు’ అని రాసినా, జనం నోట్లో క్రియాపదం అసలు సంగతి చెప్పేస్తుంది. ఈ ఒక్క మాట విషయంలో మాత్రం మన భాషకి నేను దండం పెడతాను.

ఇన్ని కబుర్లు చెబుతున్నదాన్ని, నా సంగతి చెప్పకపోతే బావుండదు.

కొన్నేళ్ల క్రితం నేను రాసిన ఓ నవలలో, చిన్నతనంలో అడవికెళ్లిన అమ్మాయి పద్దెనిమిదేళ్ల తర్వాత తిరిగొస్తుంది. "ఆమె లొంగిపోయింది. జనజీవన స్రవంతిలో కలిసిపోయింది" అని రాశాను. నిజం చెప్పొద్దూ, స్రవంతి అన్న మాట పడినందుకు ఆ పూట కాస్త మురిసిపోయాను కూడా. నవల అచ్చయిన రెండు నెలలకి చర్ల మండలంనుంచి ఒక పాఠకురాలి ఉత్తరం వచ్చింది. రూళ్ల కాగితం, గుండ్రటి అక్షరాలు.

"మా పిన్ని కూతురు అట్లాగే వచ్చిందండీ. పోలీసాఫీసరుగారి ముందు కాగితం మీద లొంగిపోయిందేమో. మా పిన్ని ముందు మాత్రం లొంగిపోలేదు. గడప దగ్గర కాళ్లు కడుక్కుని లోపలికొచ్చింది. మేం ‘ఇంటికొచ్చింది’ అంటాం. మీరు కూడా పేపర్లవాళ్ల మాటే రాస్తే ఎట్లాగండీ? ఇంకోటి. జనజీవనంలో కలిసింది అన్నారు. ఇన్నేళ్లూ అది తిరిగిన గూడేల్లో ఉన్నోళ్లు జనం కారా?"

ఉత్తరం పట్టుకుని చాలాసేపు వంటింటి గుమ్మంలోనే నిలబడ్డాను. పాలు పొంగాయి. ఇరవై ఏళ్లుగా కథలు రాస్తున్నాను. ఆడదాని గురించి ‘లొంగిపోయింది’ అని రాస్తే మన కథల్లో దానికి ఇంకో అర్థం ఉందని నాకు తెలియదా? మీకు తెలియదా? మగవాడు అడవినుంచి వస్తే ఆ మాట ఓడిపోయాడన్నంతవరకే ఆగుతుంది. ఆడపిల్ల వస్తే ఊరి చూపులు ఆ రెండో అర్థం దగ్గరికి వెళ్లి నిలబడతాయి. ఆ పిన్నిగారి గడపలో ఆ చూపుల్ని నిలబెట్టినదాన్లో నా వాక్యానికీ వాటా ఉంది.

రెండో ముద్రణకి ఆ రెండు వాక్యాలూ కొట్టేసి, "ఆమె ఇంటికి వచ్చింది" అని మార్చి పంపించాను. ప్రూఫులు తిరిగొచ్చాయి. దిద్దినవారు పక్కనే ఎర్ర సిరాతో "స్పష్టత లేదు. లొంగిపోయిందనా? ఎవరింటికి?" అని రాశారు. దాని కింద నేను "వాళ్లమ్మ ఇంటికి" అని రాసి తిప్పి పంపించాను.