రూహ్, నఫ్స్, ఆత్మ: మన అనువాదాలలో ఒక మాట బరువు

పొందూరులో ఒక జనాజా ముగించుకొని ఖబరస్తాన్ నుంచి తిరిగి వస్తున్నాం. మాతోపాటు నడిచి వచ్చిన ఒక పెద్దాయన, మగ్గం మీద ఖద్దరు నేసే మనిషి, నా పక్కకు వచ్చి, "ఊరుకోండి సాయిబుగారూ, పోయింది శరీరమే గాని ఆత్మకి చావు నేదు గదా. మీ మతంలోనూ అదే గదండీ?" అన్నాడు. "అంతేనండి" అన్నాను. ఆయన ఓదార్పుగా అన్న మాట అది. అక్కడ వాదానికి దిగడం మర్యాద కాదు. కాని ఇల్లు చేరేలోగా నా జవాబే నన్ను నిలదీసింది. నిజంగా అంతేనా? అరబీ, ఉర్దూ గ్రంథాలను తెలుగు చేయడమే పనిగా పెట్టుకున్న నేను ఎన్ని పుటలలో "అమరమైన ఆత్మ" అని రాశానో లెక్క లేదు. మూలంలో ఆ "అమరమైన" అన్న విశేషణం ఎక్కడుంది? వెతికి చూస్తే చాలాచోట్ల లేదు. నా కలమే దానిని చేర్చింది. ఈ వ్యాసం ముందుగా నా పనిపైన, ఆ తరువాత మన అనువాద సాహిత్యంపైన ఒక విమర్శ.

మాట మనకంటె ముందు పుట్టింది

దివ్య ఖుర్ఆన్‌ను మొదటిసారిగా తెలుగులోకి తెచ్చిన ఘనత డా॥ చిలుకూరి నారాయణరావుగారిది. ఈ ఉత్తరాంధ్ర సీమలోనే పుట్టి, అనంతపురంలో తెలుగు ఆచార్యులుగా పనిచేసి, 1928లో నంద్యాల సభలో దత్తమండలాలకు "రాయలసీమ" అన్న పేరును ప్రతిపాదించిన పండితులు ఆయన. ముస్లిమేతరుడైన ఒక భాషావేత్త శ్రద్ధతో ఆ పనికి పూనుకోవడం మనం కృతజ్ఞతతో తలచుకోవలసిన విషయం. తరువాతి దశాబ్దాలలో ముస్లిం అనువాదకులూ, సంస్థలూ ఆ బాటను విస్తరించారు. అయితే వీరిలో ఎవరు కలం పట్టినా ముందుగా ఒక చిక్కు ఎదురైంది. దైవం, స్వర్గం, నరకం, పాపం, ఆత్మ వంటి మాటలన్నీ వేల ఏళ్ళుగా వేరే దర్శనాల ఇళ్ళలో కాపురం చేసినవి.

మనకంటె ముందు క్రైస్తవ మిషనరీలకూ ఇదే చిక్కు వచ్చింది. 1805లో విశాఖపట్నం చేరిన క్రాన్, డెగ్రాంజ్ అనే లండన్ మిషన్ బోధకులు ఒక తెలుగు పండితుని సాయంతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. 1812లో అవి శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఆ పరంపరలోని బైబిలు ఆదికాండంలో, మట్టితో చేసిన నరుడు ఊపిరి పోయగా "జీవాత్మ" అయ్యాడని ఉంది. హెబ్రూ మూలంలో అక్కడున్న పదం "నెఫెష్". అది మన "నఫ్స్"కు తోబుట్టువు. వేదాంతంలో "పరమాత్మ"కు జంటగా నిలిచే మాట ఈ విధంగా మట్టిమనిషికి అంటుకుంది. పరిభాష ఒకసారి స్థిరపడితే దానిని కదిలించడం కష్టం.

ఆ మాట వెంట వచ్చేది

"ఆత్మ" అనగానే తెలుగువాని మనస్సులో ఏమి మెదులుతుంది? పుట్టనిది, చావనిది, ఆయుధం కోయలేనిది, నిప్పు కాల్చలేనిది. గీత చదవని వానికి కూడా హరికథల ద్వారా, చావు ఇంటి పరామర్శల ద్వారా ఈ భావం అందింది. అద్వైతంలో ఆత్మ బ్రహ్మమే. ద్వైతంలో జీవుడు ఎన్నటికీ దేవుడు కాడు. ఈ సిద్ధాంతాన్ని 13వ శతాబ్ది చివర మధ్వాచార్యుల శిష్యులు నరహరి తీర్థులు మన జిల్లాలోని శ్రీకూర్మంలో నిలిపారు. ఇస్లాంకు ఇది దగ్గరగా కనిపిస్తుంది. కాని అక్కడ కూడా జీవుడు అనాది. దేవునికి లోబడినవాడే గాని, ఆయన ఒకనాడు లేమి నుంచి కలిగించినవాడు కాడు.

శ్రీకూర్మానికి పెద్ద దూరం లేదు శాలిహుండం. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వెలుగులోకి తెచ్చిన బౌద్ధ క్షేత్రమది. వంశధార ఒడ్డున ఆ గుట్టపై స్తూపాలు కట్టినవారు శాశ్వతమైన ఆత్మ అన్నదే లేదన్నారు. ఒక దీపం నుంచి మరొక దీపం వెలిగినట్లు కర్మ కొనసాగుతుంది, కొనసాగే "నేను" మాత్రం లేదన్నది వారి బోధ. అంటే పొందూరు నుంచి బయలుదేరి ఒక్క పగటి ప్రయాణంలో, ఆత్మ అనాది అన్నవారి గుడినీ, ఆత్మ లేదన్నవారి స్తూపాన్నీ చూసి రావచ్చు. ఈ రెంటి నడుమ ఇస్లాం చెప్పేది మూడవ మాట: రూహ్ ఉంది, అది సృష్టించబడింది, దాని మనుగడ సృష్టికర్త ఆజ్ఞపై ఆధారపడింది.

దారా షికోహ్ సమీకరణం

రూహ్ అంటే ఆత్మే అన్న సమీకరణం కొత్తది కాదు. మొగలు రాకుమారుడు దారా షికోహ్ 1655లో రచించిన "మజ్మఉల్ బహ్రైన్" అన్న పారసీక గ్రంథంలో, రూహ్‌ను ఆత్మ అనీ, రూహులకు మూలమైన "అబుల్ అర్వాహ్"ను పరమాత్మ అనీ చెప్పాడు. రెండేళ్ళకు ఉపనిషత్తులను పారసీకంలోకి తెచ్చాడు. ఆయన విద్వత్తును, పొరుగువారిని అర్థం చేసుకోవాలన్న ఆరాటాన్ని నేను తక్కువ చేయను. కాని ఒక భాషలోని పదానికి మరొక భాషలో జోడు దొరికినంత మాత్రాన రెండు దర్శనాలు ఒకటి కావు. "రూహులకు మూలం పరమాత్మ" అన్నప్పుడు, మానవ రూహ్ దైవంలోని ఒక తునక అన్న భావానికి తలుపు తెరుచుకుంటుంది. ఆదంలో తన రూహ్‌ను ఊదానని అల్లాహ్ సెలవిచ్చిన చోట (15:29) ఆ "తన" అన్నది గౌరవసూచకమైన సంబంధమేనని మన వ్యాఖ్యాతలు చెప్పారు. కాబాను "అల్లాహ్ గృహం" అన్నట్లే ఇదీ. గృహం దైవంలో భాగం కానట్లే రూహ్ కూడా కాదు.

ఖుర్ఆన్‌లో రెండు పదాలు

ఖుర్ఆన్ "రూహ్" అన్న పదాన్ని పొదుపుగా వాడింది. మనిషిలో ఊదబడినది రూహ్. జిబ్రీల్ (అలైహిస్సలాం) రూహుల్ అమీన్, రూహుల్ ఖుదుస్. దైవవాణి కూడా రూహే (42:52). రూహ్ గురించి ప్రశ్నించినవారికి, అది ప్రభువు ఆజ్ఞకు సంబంధించినదనీ, మానవునికి ఈయబడిన జ్ఞానం స్వల్పమనీ జవాబు వచ్చింది (17:85).

"నఫ్స్" అలా కాదు. అది నూర్లసార్లు, అనేక అర్థాలలో వస్తుంది. మానవజాతి మొత్తం ఒకే నఫ్స్ నుంచి పుట్టిందన్నప్పుడు అది వ్యక్తి. చెడుకు పురికొల్పేదిగా (12:53), తన్ను తాను నిందించుకొనేదిగా (75:2), నెమ్మది పొందినదిగా (89:27) చెప్పినప్పుడు అది మనిషి అంతరంగం. ఈసా (అలైహిస్సలాం) తీర్పునాడు, నా నఫ్స్‌లోనిది నీకు తెలుసు, నీ నఫ్స్‌లోనిది నాకు తెలియదని ప్రభువుతో మనవి చేసుకుంటారు (5:116). అక్కడ అది కేవలం "తాను" అన్న సర్వనామం వంటిది. అన్నింటికంటె ముఖ్యమైనది: ప్రతి నఫ్స్ మరణాన్ని చవిచూస్తుంది (3:185).

ఇప్పుడు మన అనువాదాలను తెరవండి. 3:185లో చాలావరకు "ప్రాణి" అని ఉంటుంది. 89:27కు వచ్చేసరికి అదే నఫ్స్ "ఆత్మ" అవుతుంది. రెండూ విడివిడిగా తప్పు కాదు. కాని అరబీ తెలియని పాఠకుడు ఏమనుకుంటాడు? చచ్చేది ప్రాణి, స్వర్గానికి పోయేది ఆత్మ అనుకుంటాడు. మూలంలో మరణాన్ని చవిచూసేదీ, ప్రభువు వద్దకు మరలి రమ్మని పిలుపు అందుకొనేదీ ఒకే నఫ్స్ అన్న సంగతి అతనికి ఎన్నటికీ తెలియదు. అలాగే జిబ్రీల్‌ను "పరిశుద్ధాత్మ" అని అనువదిస్తే, తెలుగు బైబిలు విన్నవానికి త్రిత్వంలోని మూడవ వ్యక్తి స్ఫురిస్తాడు. ఖుర్ఆన్ దేనిని కాదంటున్నదో, దాని పేరునే మనం ఖుర్ఆన్ నోట పలికించినట్లవుతుంది.

మన పండితుల వాదం

ఈ ప్రశ్న మన పెద్దలకు తట్టనిది కాదు. ఇబ్నెసీనా (మ. 1037) రూహ్ శరీరంతో పాటు ఉనికిలోకి వచ్చినా, స్వభావరీత్యా నశించజాలదని తర్కించాడు. ఇమామ్ గజాలీ (మ. 1111) "తహాఫుతుల్ ఫలాసిఫా"లో ఈ తర్కాన్ని ఒక ప్రత్యేక ప్రకరణంలో ఖండించారు. ఆ వెంటనే, చివరి ప్రకరణంలో, శరీరాలు తిరిగి లేపబడటాన్ని కాదన్న తత్త్వవేత్తలకు జవాబు చెప్పారు. ఆ రెండు ప్రకరణాలు పక్కపక్కన ఉండటం గమనార్హం. ఆత్మ స్వతహాగా చావనిదైతే, ఖబరులోని ఎముకలను మళ్ళీ లేపవలసిన అవసరమేమిటన్న ప్రశ్న తప్పదు కదా.

హాఫిజ్ ఇబ్నె ఖయ్యిమ్ (మ. 1350) "కితాబుర్రూహ్"లో, రూహ్ చనిపోతుందా అన్న ప్రశ్నకు చక్కని విభజన చేశారు. శరీరాన్ని వీడటమే మరణమంటే రూహ్ మరణాన్ని చవిచూస్తుంది. పూర్తిగా లేకుండా పోవడమే మరణమంటే, రూహ్ అలా పోదు, సుఖంలోనో శిక్షలోనో నిలిచి ఉంటుంది. కనుక రూహ్ మరణం తరువాత ఉంటుందన్నదే మన విశ్వాసం. అయితే నిలిపేవాడు నిలపడం వల్ల ఉంటుంది. ఈ చర్చే నిషిద్ధమనేవారికి షాహ్ వలీయుల్లాహ్ (1703–1762) జవాబు ఉంది. 17:85 రూహ్ గురించి ఎవరూ ఏమీ తెలుసుకోజాలరని చెప్పడం లేదనీ, షరీఅత్ మౌనం వహించినదంతా తెలియరానిది కాదనీ ఆయన "హుజ్జతుల్లాహిల్ బాలిగా"లో వివరించారు.

ఇటువంటి మథనం క్రైస్తవులలోనూ జరిగింది. 1955లో ఆస్కార్ కల్‌మన్ అనే పండితుడు హార్వర్డ్‌లో ప్రసంగిస్తూ, ఆత్మ అమరత్వం గ్రీకుల భావననీ, తొలి క్రైస్తవులు నమ్మినది మృతుల పునరుత్థానాన్ననీ వాదించాడు. అక్కడ గ్రీకు తత్త్వం చేసిన పనిని, ఇక్కడ మన తెలుగులో "ఆత్మ" అన్న మాట చప్పుడు లేకుండా చేస్తున్నది.

ఒక ఆక్షేపణ

"స్వర్గం అన్న మాట మాత్రం తక్కువదా? పురాణాల స్వర్గం పుణ్యం తీరగానే దింపేసే తాత్కాలిక నివాసం. దానిని జన్నత్‌కు వాడుకున్నాం, పాఠకుడు అలవాటు పడ్డాడు. ఆత్మకూ అలాగే పడడా?" అని ఒక మిత్రుడు అడిగాడు. బలమైన ఆక్షేపణే. కాని జన్నత్ వర్ణన ఖుర్ఆన్‌లో పదేపదే వస్తుంది, అది శాశ్వతమని ప్రతిసారీ వినబడుతుంది. పాత అర్థం ఆ వర్ణన కింద అణిగిపోతుంది. రూహ్ విషయంలో ఖుర్ఆన్ కావాలనే తక్కువ చెప్పింది. అది చెప్పక విడిచిన చోటును తెలుగు మాట తన పాత సరుకుతో నింపేస్తుంది. ప్రమాదం అక్కడ ఉంది.

అరబీ పదాలనే గుప్పిస్తే చదివేవారికి అర్థం కాదన్నదీ నిజమే. ఉర్దూ ఊతం లేని పాఠకులు మనలో చాలామంది ఉన్నారు. తరతరాలుగా దూది ఏకి బతికిన దూదేకుల సోదరుల ఇంటి భాష తెలుగే. వారి ధర్మజ్ఞానమంతా తెలుగు మాటల మీద నిలబడి ఉంది. కనుకనే ఆ మాటలను మరింత జాగ్రత్తగా ఏరాలి. పొందూరులో నూలు వడికేవారు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, గింజనూ నలుసునూ తీసేసిన తరువాతే ఏకులు చేస్తారు. అనువాదకునికి ఆపాటి ఓపిక ఉండాలి.

నా సూచనలు ఇవి. రూహ్‌ను "రూహ్" గానే ఉంచుదాం. జనాజాకు వెళ్ళే ప్రతి ఇంటికీ ఆ మాట తెలుసు. జిబ్రీల్ విషయంలో "పరిశుద్ధాత్మ"ను విడిచిపెట్టి రూహుల్ ఖుదుస్ అని రాసి, పక్కన జిబ్రీల్ పేరు చెబుదాం. నఫ్స్‌ను సందర్భాన్ని బట్టి ప్రాణి, మనిషి, అంతరంగం, తాను అని తెనిగించినా, మూలపదం ఒకటేనని పాఠకునికి తెలుపుదాం. "ఆత్మ"ను బొత్తిగా బహిష్కరించనక్కరలేదు. ఆత్మశుద్ధి, ఆత్మవిమర్శ వంటి మాటలు హాని చేయవు. కాని "అమరాత్మ" అన్నది మన కలం నుంచి రాకూడదు, అల్లాహ్‌ను "పరమాత్మ" అనీ అనకూడదు.

ఇది కేవలం నిఘంటువు తగవు కాదు. ఆత్మ తనంతట తాను అమరమైతే, శరీరం విడిచిన బట్ట. ఆ బట్టతో చేసిన మంచిచెడులకు లెక్క ఎవరు చెప్పాలి? తీర్పునాడు చేతులు మాట్లాడుతాయని, కాళ్ళు సాక్ష్యమిస్తాయని ఖుర్ఆన్ అంటున్నది (36:65). మనం నమ్మే పరలోకంలో మనిషి పూర్తిగా నిలబడతాడు. దుఃఖంలో ఉన్నవానికి మనం చెప్పవలసిన ఓదార్పు కూడా అక్కడే ఉంది. పోయినవాడు చావులేని వాడు కాబట్టి ధైర్యంగా ఉండమని మనం అనం. అతణ్ణి ఇచ్చినవాడే తీసుకున్నాడు, మనమంతా ఆయనవైపే మరలవలసినవాళ్ళం అంటాం.

ఆ పెద్దాయన మళ్ళీ కలిసినప్పుడు ఇంత చర్చ చెప్పనక్కరలేదు. "ఆత్మకు చావు లేదని మేము అనమండి. అది దేవుడు చేసినదే, ఆయన ఉంచితే ఉంటుంది. మట్టిలో కలిసిన మనిషిని కూడా ఆయన తిరిగి లేపుతాడు" అంటే చాలు. ఆ రోజు నేను చెప్పవలసిన జవాబు అదే.