స్వానుభవము – గ్రంథరచన: భండారు అచ్చమాంబగారి రచనలపై ఒక పరిశీలన

స్త్రీల గ్రంథములను విమర్శించునపుడు మన విమర్శకులు తరచుగ రెండు మాటలు చెప్పుచుందురు. స్త్రీల అనుభవము గృహమునకు పరిమితమగుటచే వారి రచనయు సంకుచితమగునని యొకటి. రచయిత్రి జీవితమున జరిగినదే గ్రంథమున ప్రతిబింబించునని రెండవది. ఈ రెంటికిని మూలమైన భావ మొక్కటే: అనుభవమనగా కథావస్తువు. ఈ భావము చాలదని మా అభిప్రాయము. వస్తువు నిచ్చుటకు ముందే అనుభవము ఏమి చదువవలెనో, చదివినదానిలో దేనిని వెదకవలెనో, ఎవరికి ప్రత్యుత్తర మీయవలెనో నిర్ణయించును. అచ్చమాంబగారి రచనలే దీనికి నిదర్శనములు.

అచ్చమాంబగారు 1874లో నాటి కృష్ణామండలమందలి నందిగామలో జన్మించిరి. ఆరవయేట తండ్రి గతించెను, పదియవయేట వివాహమయ్యెను. అప్పటి కామెకు చదువు లేదు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా ఆయన పాఠముల వెంట తామును తెలుగు, హిందీ నేర్చుకొనిరి. పిదప మహారాష్ట్రభాష నభ్యసించిరి. భర్త మాధవరావుగారు మధ్యపరగణాలలో ఉద్యోగి యగుటచే ఆ భాష లామె చెవికి నిత్యము సోకుచుండెడివి. కలిగిన యిరువురు బిడ్డలును పసితనముననే మరణించిరి.

రచనలో జీవితమునే వెదకు విమర్శకు డిట్టి యామెనుండి స్వీయదుఃఖగాథ నాశించును. ఆమె వ్రాసినది ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’. ప్రథమభాగము 1901లో వెలువడినది. అందు భారతదేశ చారిత్రక స్త్రీలు, ద్వితీయభాగమున వేదపురాణ స్త్రీలు, తృతీయభాగమున విదేశ స్త్రీలు – ఇది ఆమె సంకల్పము. 1905లో ఆమె మరణించుటచే అది పూర్తి కాలేదు.

ఈ గ్రంథమున ఆమె స్వీయకథ లేదు. అయినను ఆమె ఉద్దేశములను గమనింపుడు. స్త్రీలు స్వభావముచే బలహీనులు, బుద్ధిహీనులు అను వాదమును చరిత్రలతో ఖండించుట. విద్యాస్వాతంత్ర్యములు స్త్రీలను చెఱచునను వాదము కల్ల యని చూపుట. సోదరీమణులకు ఆదర్శముల నందించుట. అక్షరము రాక కాపురమునకు వచ్చినయామె కివి పుస్తకములలోని వాదములు మాత్రమే కావు. కావుననే ఆమె పరభాషాగ్రంథములను వ్యాజ్యెమునకు సాక్షులను సమకూర్చువారి దృష్టితో చదివిరి. ఏ గ్రంథమునుండి ఎవరిని గ్రహింపవలె నను ఎన్నికలోనే ఆమె జీవిత మున్నది.

వీరేశలింగంపంతులుగారి ‘సత్యవతీ చరిత్రము’తో పోల్చినచో ఈ భేదము స్పష్టమగును. అందు విద్యావతియైన కోడలు కుటుంబమును చక్కదిద్దును. ఆమెకు విద్యపై సంశయము లేదు. అచ్చమాంబగారి ‘స్త్రీవిద్య’ (1902) భార్యాభర్తల సంభాషణ. ఇందు చదువురాని భార్యయే తన జంకును, ఆక్షేపణలను స్వయముగ చెప్పుకొనును. నిరక్షరురాలి సంకోచము మూర్ఖత కాదనియు, దానికి కారణము లున్నవనియు తెలిసినవారు మాత్రమే ఆమె కంత మాట్లాడు నవకాశ మీయగలరు. వాదమున గెలుచువాడు భర్తయే యగుట ఆ కథకు పరిమితి. అయినను ప్రశ్నలు భార్యవి.

ఇక బందరు విషయము. 1902లో అచ్చమాంబగారు ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కలిసి బందరులో బృందావన స్త్రీసమాజమును స్థాపించిరి. ‘కృష్ణాపత్రిక’ ఆ పట్టణముననే వెలువడ నారంభించిన సంవత్సరమును అదియే. ఈ కార్యమును ఆమె రచనలనుండి వేరుచేసి సంఘసేవగ మాత్రమే పేర్కొనుట సరి కాదు. తమ్ముని పాఠముల చెంత కూర్చుండు నవకాశము లభించుట భాగ్యవశము. చదువుకొను తమ్ముడు లేని యాడుదానికి గతి యేమి? ‘స్త్రీవిద్య’లోని భార్యకు కనీసము బోధించు భర్త యుండెను, అట్టివాడును లేనివారికి స్త్రీసమాజమే శరణ్యము. కథ విడిచిన ప్రశ్నకు సమాజము సమాధాన మయ్యెను.

అచ్చమాంబగారి ‘ధనత్రయోదశి’ (1902) ముందా, గురజాడవారి ‘దిద్దుబాటు’ (1910) ముందా యను చర్చలో ఆమె పేరు నేడు తరచుగ వినబడుచున్నది. ఆ చర్చ యవసరమే. కాని సంవత్సరములతో ఆమె స్థానము తేలదు. ఆమె కథలు ఏ ప్రశ్న నడిగినవో అది చూడవలెను.

ఈ ప్రమాణము తరువాతి రచయిత్రులకును వర్తించును. 1977 నవంబరు ఉప్పెనలో బిడ్డలను గోల్పోయిన దివిసీమ స్త్రీ యొక గ్రంథము వ్రాసినచో, అందు సముద్రము కానరానంతమాత్రమున ఆ యనుభవము లేదనరాదు. ఆమె దేనిని చదివెను, దేనిని విడిచెను, ఎవరి మాటకు బదులు చెప్పెను అని విచారించిన పిదపనే ఆమె అనుభవము విశాలమో సంకుచితమో నిర్ణయించుట న్యాయము.