బాతుల సెలవులు

వానొస్తే సెలవు, ఎండొస్తే సెలవు, మంత్రిగారు వస్తే సెలవు. బడి సెలవుల మీద నా సణుగుడు ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. "మీరు హెడ్మాస్టరుగా పుట్టాల్సింది" అని ఒక పాఠకుడు కార్డు ముక్క కూడా రాశారు. అలాంటి నాకు ఈ వారం బాతుల సెలవులు తగిలాయి.

మాంట్రియల్లో చదువుతున్న మా పెద్దక్కయ్య మనవరాలు, ఏప్రిల్లో పరీక్షలు కాగానే కెనడాలోనే జేమ్స్ బే తీరాన ఒక క్రీ ఆదివాసీల ఊరి బడిలో వాలంటీరుగా చేరతానంది. చిన్నపిల్లల చేత చదివించడం, లెక్కలు చెప్పడం, లైబ్రరీ సర్దడం. ఇంటిల్లిపాదికీ చెప్పుకుని మురిశాను. మొన్న ఫోన్ చేసి, "తాతయ్యా, నేను చేరిన కొన్నాళ్లకే బడి రెండు వారాలు మూసేస్తారట. గూస్ బ్రేక్, పక్షుల వేట సెలవు!" అంది. వేటకు బడి మూయడమేమిటే అని కసిరాను.

నా కసురుకి మూలం మా ఊళ్లో ఉంది. గుంటూరు జిల్లాలో మిరపకోతలు మొదలైతే మా తరగతి సగం ఖాళీ. నా పక్కన కూర్చునే కుర్రాడు లెక్కల్లో నాకంటే చురుకు. సంక్రాంతి తర్వాత వాళ్లమ్మతో కోతకు పోయి, ఉగాది దాటాక చేతుల మంట ఇంకా తగ్గలేదని చూపిస్తూ వచ్చేవాడు. ఒక ఏడాది రానే లేదు. రిజిస్టర్లో పేరు కొట్టేశారు. చాలా ఏళ్లకు, రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు బడిలో లేని పిల్లలందరూ బాలకార్మికులే అంటూ పిల్లల్ని పొలాల నుంచి బడికి తెస్తున్నారని చదివాను. అప్పటినుంచీ అదే నా మంత్రం.

"కాస్త ఆగు తాతయ్యా" అని పిల్ల చెప్పుకొచ్చింది. నేనూ కొంత చదువుకున్నాను.

గూస్ అంటే మన బాతుకు పెదనాన్న వరసయ్యే పక్షి. మంచు కరిగే వేళకు దక్షిణం నుంచి గుంపులుగా వస్తుంది. క్రీ కుటుంబాలు పిల్లాజెల్లాతో తీరం వెంట క్యాంపులకు కదులుతాయి. ఒక్కో వేటచోటుకు ఒక పెద్ద ఉంటాడు. ఇవాళ ఎక్కడ కూర్చోవాలో, ఏ చోటు వదిలేయాలో ఆయన చెప్పిందే మాట. గాలి ఆడని రోజు తుపాకీ పేల్చరు, చప్పుడు దూరం పోయి పక్షులు బెదిరిపోతాయని. చీకటి పడ్డాకా పేల్చరు. ఒకే చోట రోజూ వేటాడరు. ఈకలు పీకడం, గుడారంలో మంట పక్కన తాడుకు వేలాడదీసి తిప్పుతూ కాల్చడం నానమ్మల దగ్గర నేర్చుకుంటారు. పిల్లవాడు కొట్టిన మొదటి పక్షి అయినవాళ్లందరికీ పండగే.

బడివాళ్లు మా పిల్లకు రాసిందేమిటంటే, వర్క్‌షీట్ల సంగతి తర్వాత చూద్దాం, ఎవరో ఒకరు క్యాంపుకు తీసుకెళ్తారు, పిల్లలు అక్కడైతే త్వరగా దగ్గరవుతారు అని. పాఠం చెప్పబోయిన పిల్ల ముందు ఆరేళ్లవాళ్ల దగ్గర ఈకలు పీకడం నేర్చుకోవాలన్నమాట. అది శాకాహారి. ఈ సంగతి వాళ్లమ్మకు చెప్పొద్దంది. వాళ్లమ్మ ఈ కాలమ్ చదవదు కనక రాస్తున్నాను.

ఆ సెలవు వెనక పెద్ద కథే ఉంది. 1930లలో ఆ తీరాన ఫోర్ట్ జార్జ్ దీవిలో చర్చిలు రెసిడెన్షియల్ స్కూళ్లు తెరిచాయి. కెనడా మొత్తం మీద అలాంటి బడుల్లో లక్షన్నర మందికి పైగా ఆదివాసీ పిల్లల్ని వేశారు. నెలల తరబడి ఇంటి మొహం చూడలేదు, సొంత భాష మాట్లాడితే శిక్ష. వసంతంలో గూస్‌లు వచ్చినా పిల్లలు బడిలోనే. హాజరు పట్టీ మాత్రం నాలాంటివాడు మెచ్చుకునేట్టే ఉండి ఉంటుంది.

1971లో క్యూబెక్ ప్రభుత్వం అక్కడి నదుల మీద జలవిద్యుత్ ప్రాజెక్టు ప్రకటిస్తే క్రీలు కోర్టుకెక్కారు. 1975లో ఒప్పందం కుదిరింది. ఆనకట్టలు ఆగలేదు. ఫోర్ట్ జార్జ్ ఊరే లేచి, 1980 ప్రాంతంలో లా గ్రాండ్ నది ఒడ్డున చిసాసిబికి మారాల్సి వచ్చింది. పోలవరం ముంపువాళ్లకు ఇందులో వింతేమీ కనబడదు. అయితే ఆ ఒప్పందంతోనే 1978లో క్రీ స్కూల్ బోర్డు వచ్చింది. ఏ భాషలో చెప్పాలి, ఏ నెలలో బడి పెట్టాలి అన్నవి క్రీల చేతికొచ్చాయి. గూస్ బ్రేక్ అలా వాళ్లు వేసుకున్న క్యాలెండర్లోది.

శాంతా సిన్హా గారి మాట నేను వదలను. మా తరగతి కుర్రాడు కోసింది ఊరి ఆసామి మిరప. మొదటి రోజు గడిచాక ఆ చేలో వాడు నేర్చుకోవడానికేమీ లేదు. క్రీ పిల్ల క్యాంపులో నేర్చేది తన ఇంటి విద్య, దానికి మేస్టర్లు తాతలూ నానమ్మలూ. రెంటినీ గైర్హాజరు అనే ఒకే గడిలో వేయలేను.

మన దగ్గరా పాడేరు, అరకు వైపు ఆదివాసీ ఊళ్లలో చైత్రంలో ఇటుకల పండుగ వస్తుంది. మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు దారులకు అడ్డం కట్టి డబ్బులడుగుతారు. క్రీ బోర్డు కూడా ఏడాదికి ఇన్ని పనిదినాలన్న లెక్క తప్పడానికి లేదు. అవి ఎప్పుడన్నదే దాని ఇష్టం. ఆ వెసులుబాటు మన ఏజెన్సీ ఊళ్లకూ ఇచ్చి, పండుగ వారం సెలవు వాళ్లనే పెట్టుకోనిచ్చి, ఆ రోజులు మరో నెలలో పూడ్చుకోమంటే సరిపోదా? సెలవులు అడుగుతున్నది నేనే, మీరు సరిగ్గానే చదివారు. ఆ వైపు పనిచేసే టీచర్లెవరైనా, ఇటుకల పండుగ వారంలో మీ బడికి ఎందరు పిల్లలొస్తారో ఒక ముక్క రాయండి.