రెండో కృష్ణుడు

మంచివాళ్లిద్దరు తలపడితే చూడాలన్న కుతూహలం మనవాళ్లకు కొత్త కాదు. చిలకమర్తివారి 'గయోపాఖ్యానం' ఊరూరా ఆడింది అందుకే. 1963లో కె.వి. రెడ్డిగారు ఆ కథనే 'శ్రీకృష్ణార్జున యుద్ధము'గా తీస్తే రామారావు, నాగేశ్వరరావు ఎదురెదురుగా నిలిచారు.

ఆ కళ్లతోనే ఒక వీడియో గేమ్ చూశాను. డి.సి. కామిక్స్ వీరుల్ని ఒకరి మీదికొకరిని ఉసిగొల్పే ఆ ఆట పేరు 'ఇంజస్టిస్: గాడ్స్ అమంగ్ అజ్'. చికాగోలోని నెదర్‌రెల్మ్ స్టూడియోస్ తయారుచేయగా 2013లో వచ్చింది. వాషర్‌మెన్‌పేటలో మా ఇంట్లో దాన్ని ఆడేది మా అన్నయ్య మనవడు.

కథలో బలముంది. జోకర్ మాయలో పడి సూపర్‌మ్యాన్ గర్భవతి అయిన భార్య లోయిస్‌ను తన చేతులతోనే చంపుకుంటాడు. ఆమె గుండె ఆగగానే బాంబు పేలి నగరం బూడిదవుతుంది. జోకర్‌ను చంపేసి, ఇక లోకంలో నేరమన్నదే ఉండకూడదని నియంత అవుతాడు. పాత మిత్రుడు బ్యాట్‌మ్యాన్ ఎదురుతిరుగుతాడు.

మామూలు మనుషులు అంతటి బలవంతులతో ఎలా పోరాడతారు? ఒక మాత్ర మింగితే బలం వస్తుందట! లెక్క కుదరకపోతే మా బ్యాంకులో తేడాను సస్పెన్స్ ఖాతాలో వేస్తాం, ఇదీ అంతే.

'క్లాష్' అనే ఏర్పాటు మాత్రం నచ్చింది. పోరు మధ్యలో ఇద్దరూ మాటలతో పొడుచుకుని, కూడబెట్టిన శక్తిలోంచి గుట్టుగా పందెం ఒడ్డుతారు. ఎక్కువ ఒడ్డినవాడిది పైచేయి. పద్యం చదివి బాణం వేసే మన రంగస్థలానికి ఇది దూరపు చుట్టం.

నా పేచీ ముగింపుతో. 12 అధ్యాయాలు నడిపి, చివరికి ఇంకో లోకం నుంచి మచ్చలేని మరో సూపర్‌మ్యాన్‌ను రప్పించి, ఇతన్ని కొట్టిస్తారు. దుఃఖంలో దారితప్పిన మంచివాణ్ణి ఏం చేయాలన్నది కదా అసలు ప్రశ్న? దాన్ని దాటవేశారు. గయోపాఖ్యానంలో రెండో కృష్ణుడు లేడు. చంపుతానన్న మాట ఒకరిది, కాపాడతానన్న మాట మరొకరిది. ఎవరు గెలిచినా ఒక మాట పోతుంది.

మావాడికి తెలుగు చదవడం రాదు. గయుడి కథ సగం తమిళంలో, సగం తెలుగులో చెప్పాను. అంతా విని, "గయుడిగా ఆడొచ్చా తాతా?" అన్నాడు. ఆ ఆటలో లోయిస్‌గా ఆడే వీల్లేదు మరి. నాటకంలో గయుడికీ వేషముంటుందన్నాను. "అయితే నేను గయుణ్ణి. నువ్వెవరు?" అన్నాడు.